చెవిలో పాట, పక్కన స్నేహితుడు

టెక్కలి, పలాస కళాశాలలకు ఉద్దానం ఊళ్ల నుంచి రోజూ ఎందరో విద్యార్థులు బస్సుల్లో, ఆటోల్లో వస్తుంటారు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పిల్లలకు రానూపోనూ చాలా సమయం దారిలోనే గడిచిపోతుంది. ఆ దారి పొడవునా చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లే కనిపిస్తాయి. "మావాడు ఎవరితోనూ మాట్లాడడండీ, చెవుల్లోవి తియ్యనే తియ్యడు, ఏం చెయ్యమంటారు?" అని అడిగే తల్లిదండ్రుల కోసం, ఆ పిల్లల కోసం కూడా ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఇందులో వినికిడి ఒక సంగతి, స్నేహం మరో సంగతి.

హెడ్‌ఫోన్ శత్రువు కాదు

పల్లెటూరి బడిలో తెలుగులో చదివి, ఇంగ్లీషులో పాఠాలు చెప్పే కళాశాలకు వచ్చిన పిల్లకు మొదటి నెలల్లో బెరుకు సహజం. చెవిలో పాట ఆమెకు కాస్త ధైర్యమిస్తుంది. అర్థం కాని పాఠాన్ని ఫోన్‌లో మళ్లీ వినే వీలుంటుంది. మన తీరం నుంచి గుజరాత్ రేవులకు చేపల వేటకు వెళ్లిన నాన్నతో ఆ ఇయర్‌ఫోన్‌లోనే మాట్లాడుకునే పిల్లలూ ఉన్నారు. కాబట్టి కోపంతో లాగి పారేయడం మందు కాదు. ఎంత సేపు, ఎంత శబ్దంతో, ఎక్కడ వాడుతున్నారన్నది చూడాలి.

చెవి లోపల ఏం జరుగుతుంది?

లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన భాగం నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. అందులో సన్నని వెంట్రుకల వంటి కొనలున్న కణాలు శబ్దాన్ని అందుకుని నరం ద్వారా మెదడుకు పంపుతాయి. పెద్ద శబ్దం ఎక్కువ సేపు పడితే ఇవి దెబ్బతింటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరి చెట్టు చోట మరో మొక్క నాటుకోగలిగాము. చచ్చిపోయిన ఈ కణాల చోట కొత్తవి మొలవవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే 4 గంటలు మాత్రమే. 100 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే. బస్సులో ఇంజను మోతను మించి పాట వినబడాలని శబ్దం పెంచుతాము. ముప్పంతా అక్కడే ఉంది. ఆ తరువాత చెవుల్లో గుయ్యిమని మోత వచ్చినా, ఎదుటివారి మాట ముద్దగా వినిపించినా అది చెవి చేస్తున్న హెచ్చరిక. ఆ మోత తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని కలిసి వినికిడి పరీక్ష చేయించుకోవాలి.

ఒక మాట, ఒక పలకరింపు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థులు తమ తరగతివారిలో ఎంతమందితో మాట్లాడారో లెక్కపెట్టుకున్నారు. మామూలు కంటే ఎక్కువమందిని పలకరించిన రోజున వారు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, ఈ తరగతి మనదే అన్న భావన పెరిగింది. వారంతా ప్రాణ స్నేహితులు కానక్కరలేదు, ముఖ పరిచయం ఉన్నా చాలు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, అమెరికాలోని షికాగో రైళ్లలో పక్కవారితో మాట్లాడినవారి ప్రయాణం మౌనంగా కూర్చున్నవారి ప్రయాణం కంటే హాయిగా సాగిందని తేలింది. మాట్లాడితే ప్రయాణం అంత హాయిగా ఉండదని ముందుగా చాలామంది అనుకున్నారు.

మన బస్సులోనూ జరిగేది ఇదే. చెవిలో ఇయర్‌ఫోన్ చూసిన పక్కవాడు "ఇతనికి మాట్లాడడం ఇష్టం లేదు కాబోలు" అనుకుని తానూ ఒకటి పెట్టుకుంటాడు. ఇద్దరికీ స్నేహం కావాలి, ఇద్దరూ బెరుకుతో చెవులు మూసుకున్నారు. "మనది ఏ ఊరు?" అనే ఒక్క ప్రశ్న చాలు, మాట దానంతటదే సాగుతుంది. ప్రపంచంలో ప్రతి 6గురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. అది పెద్దలకే కాదు, యువతకూ ఉన్న బాధ.

విద్యార్థులకు కొన్ని సూచనలు

1. శబ్దాన్ని 60 శాతం దాటనివ్వకండి. మధ్య మధ్య చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

2. కళాశాల గేటు దాటగానే ఇయర్‌ఫోన్లు సంచిలో పెట్టండి. క్యాంటీన్లో, తరగతి మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు మనుషులకివ్వండి.

3. ఎవరైనా పలకరిస్తే రెండు చెవుల్లోవీ తీసి మాట్లాడండి. ఒక్కటి తీస్తే సగం మనసే ఇచ్చినట్టు ఉంటుంది.

4. ఇద్దరు స్నేహితులు చెరొకటి పెట్టుకుని పాట వినడం ముచ్చటే. అయితే శుభ్రంగా తుడిచి వాడండి. చెవిలో నొప్పి, చీము ఉంటే పంచుకోవద్దు.

5. రైలు పట్టాల దగ్గర, జాతీయ రహదారి మీద, బండి నడిపేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

6. కిడ్నీ జబ్బుకు చికిత్స పొందుతున్నవారికి చెవుల్లో మోత వస్తే వైద్యునికి తప్పక చెప్పండి. జెంటామైసిన్ వంటి కొన్ని మందులు వినికిడిని దెబ్బతీయగలవు.

తల్లిదండ్రులకు

చెవుల్లోవి తియ్యమని గద్దించే ముందు "ఏం వింటున్నావురా?" అని అడిగి చూడండి. భోజనం దగ్గర పెద్దలు కూడా ఫోన్ పక్కన పెట్టండి. పిల్లవాడు సరిగా తినక, నిద్రపోక, కళాశాలకు వెళ్లనంటూ అందరికీ దూరమవుతుంటే మాత్రం దోషం ఇయర్‌ఫోన్‌దని సరిపెట్టుకోవద్దు. దాని వెనుక బాధ ఉండవచ్చు. వెంటనే వైద్యుని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును విద్యార్థులు కూడా రాసి పెట్టుకోవాలి. తరగతిలో మౌనంగా మారిపోయిన స్నేహితుని సంగతి ఇంట్లోవారి కంటే ముందు పక్క బెంచీవారికే తెలుస్తుంది.