చిన్న దోనా? పెద్ద నావా?

పట్నంలో సంసారం పెరిగితే పెద్ద యిల్లు చూస్తారు. భీమడోలుకు దక్షిణాన, కొల్లేటి లంకల్లో సంసారం పెరిగితే పెద్ద పడవ చూసేవారు. కొడుకు చేతికి అందివస్తాడు. వలలు పెరుగుతాయి. ఇంట్లో ఉన్న తాటిదోనె చాలటం లేదనిపిస్తుంది. సరిగ్గా ఆ అదను చూసి ఎవరో ఒకరు, “ఫలానా ఊళ్లో పాత నావ అమ్మకానికి ఉన్నదట, తెరచాపతో సహా యిస్తారట” అని చెవిన వేస్తారు. ఇక ఆ రాత్రి ఆ యింట ఎవరికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు కొల్లేట తెరచాప అరుదైపోయింది. రేకు పడవలు వచ్చినవి, ఫైబరు పడవలు వచ్చినవి, వాటికి ఇంజన్లు వచ్చినవి. కాని ఆ యింటివారిని వేధించిన ప్రశ్న మాత్రం పాతబడలేదు. ఉన్న చిన్నదానితో సరిపెట్టుకోవటమా, అప్పోసప్పో చేసి పెద్దదానికి ఎక్కటమా?

నీరు ఎంత? పడవ ఎంత?

తాటిదోనెను చిన్నచూపు చూడరాదు. తాటిమొద్దును లోపల తొలిచి దోనె చేస్తారు. మొదలు వైపు ఉబ్బుగా, సహజంగానే మూసుకొని ఉంటుంది. రెండో కొసను పలకతోనో మట్టితోనో మూస్తారు. మోకాలిలోతు నీరుంటే చాలు, దోనె సాగిపోతుంది. గట్టు అడ్డం వస్తే నలుగురు చేయివేసి దాటిస్తారు. దానికి సరంగు అక్కరలేదు, ఒక మనిషీ ఒక గడా చాలు.

కొల్లేరు విశాలమే గాని లోతైనది కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు సముద్రంలా కనిపిస్తుంది. ఆ నీరంతా సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి పోయిన తరువాత, వేసవిలో చాలాచోట్ల నడుంలోతు కూడా ఉండదు. వరదల్లో చూసి కొన్న నావ వేసవిలో గట్టున కూర్చుంటుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి. 6 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉండి, అడుగు చదునుగా పెట్టెలాగా ఉన్న పడవను తీసుకొందాము. దాని అడుగు 9 చదరపు మీటర్లు. అందులో 9 క్వింటాళ్ల సరుకు వేస్తే పడవ మరో 10 సెంటీమీటర్లు నీటిలో దిగుతుంది. కొనబోయేవారు ధర అడిగేముందు వేయవలసిన లెక్క యిదే.

ఇంకొక లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ రెట్టింపు చేస్తే పట్టే సరుకు 8 ఇంతలవుతుంది. అది విని ఆశ పుడుతుంది. కాని అదే పోలికన తెరచాప పెంచితే దాని వైశాల్యం 4 ఇంతలే. 8 ఇంతల బరువును 4 ఇంతల గుడ్డ లాగాలన్నమాట! వేగం సంగతీ అటువంటిదే. పొడవు 4 ఇంతలైతే గాని తెరచాప పడవ వేగానికి ఉండే హద్దు రెండింతలు కాదు. పెద్ద పడవ కొంటే ఎంతో ముందుగా రేవు చేరతామనుకోవటం వట్టి భ్రమ.

కాలువల వైభవం

అయితే మనవాళ్లు పెద్ద పడవల రుచి ఎరుగనివారు కారు. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టగా 1852లో పూర్తయింది. ఆనకట్ట వెనుక కాలువలు వచ్చినవి, కాలువల్లో పెద్ద పడవలు వచ్చినవి. ఏలూరు దగ్గర గోదావరి కాలువ, కృష్ణ కాలువ కలియటంతో రెండు నదుల మధ్య నీటిదారి ఏర్పడింది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే కాలువ ఇంచుమించు తూర్పుకు సాగుతుంది. ప్రవాహం మాత్రం గోదావరి నుంచి ఏలూరుకు. కాబట్టి నైరుతి ఋతుపవనాల కాలంలో గూడెం వెళ్లే పడవకు నీరు ఎదురు, గాలి వాలు. గాలి తిరిగితే తెరచాప దించి, తాడు భుజాన వేసుకొని మనుషులే గట్టు వెంట పడవను లాగేవారు. ఇరుకు కాలువలో ఎదురుగాలికి అటూ యిటూ వంకలు తిరుగుతూ పోవటానికి చోటేదీ? పెద్ద నావ కొన్నవాడు తెరచాపతో పాటు నలుగురు మనుషుల కూలిని కూడా కొనుక్కొన్నట్టే.

1890ల్లో రైలు వచ్చింది. 1900లో గోదావరిపై వంతెన తెరిచారు. తరువాత లారీలు వచ్చినవి. సరుకు తగ్గినకొద్దీ బెంగ పెద్ద పడవవానికే. చిన్న దోనె చేపలకు పోతుంది, గడ్డికి పోతుంది, చుట్టాలను దింపటానికీ పోతుంది. పెద్ద నావకు నిండుగా సరుకు ఉంటేనే కూలి గిట్టుతుంది. 2008లో ఏలూరు కాలువను, 139 కిలోమీటర్ల మేర, నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. ప్రకటన వచ్చినంత మాత్రాన సరుకు తనంతట తానుగా వచ్చి పడవ ఎక్కదు గదా!

పాతదాన్ని పరీక్షించటం

ఇన్ని తెలిసీ పెద్దదే కావాలనుకొంటే, పాత కొయ్యనావను చూడటానికి మంచి సమయం వేసవిలో కాలువలు కట్టివేసే రోజులు. అప్పుడు అడుగు బయటపడుతుంది. నిగనిగలాడే కొత్త తారును చూసి మురిసిపోరాదు. దాని కిందనే పుచ్చు దాగి ఉంటుంది. చాకుమొనతో పొడిచి చూస్తే గట్టికొయ్య ఎదురు తిరుగుతుంది, పుచ్చుకొయ్య లోపలికి దారి యిస్తుంది. మేకుల చుట్టూ నల్లని మరకలు ఉంటే ఇనుము తుప్పుపట్టి కొయ్యను తింటున్నదని గుర్తు.

ఎండిన నావను నీటిలో దింపిన మొదటిరోజు నీరు కారితే కంగారు పడనక్కరలేదు. పలకలు నాని ఉబ్బితే సందులు మూసుకొంటాయి. రెండు మూడు రోజులైనా కారుతూనే ఉంటే బేరం వదులుకోవలసిందే.

పెద్దదైతే క్షేమమన్న మాట కూడా నమ్మరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగినది చిన్న దోనె కాదు, పర్యాటకుల పెద్ద పడవ. మరొక వంక, 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు మన నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు 56 అడుగుల ‘తారిణి’లో తెరచాపల బలంతో ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. మహాసముద్రాల్లో ఆ నావను నిలబెట్టినది అడుగున లోతుగా దిగి ఉండే బరువు. అదే నావను కొల్లేటికి తెస్తే ఆ బరువే దాన్ని బురదలో కూరుకుపోయేట్టు చేస్తుంది.

మధ్యే మార్గం

మన పెద్దలు చిన్నదానికీ పెద్దదానికీ మధ్య మూడవ దారి ఒకటి కనిపెట్టారు. రెండు దోనెలను పక్కపక్కన చేర్చి కట్టేస్తారు. దాని పేరు సంగడి. తెలుగులో సంగడి అంటే చెలిమి కూడాను. సంగడికాడంటే స్నేహితుడు. మలయాళంలో దీనికి చుట్టమైన చంగాడం అనే మాటను పోర్చుగీసు నావికులు పట్టుకుపోయారు. నేటికీ బ్రెజిల్ తీరంలో తెరచాప తెప్పను జంగడ అంటారు.

సంగడిలోని సొగసు ఏమంటే, సరుకున్ననాడు రెండూ కలిసి పెద్ద పడవ, లేనినాడు విప్పితే అన్నకొకటి, తమ్ముడికొకటి. అప్పు లేదు, కూలీలు లేరు.

కొల్లేరు కూడా మునుపటి కొల్లేరు కాదు. చేపల చెరువుల గట్లు పడవదారులకు అడ్డం వచ్చినవి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చాలా చెరువుల గట్లు పగులగొట్టారు. గుర్రపుడెక్క సంగతి చెప్పనే అక్కరలేదు. తండ్రి కాలంలో నావ తిరిగిన దారి కొడుకు కాలంలో ఉంటుందన్న పూచీ లేదు.

కాబట్టి ఇల్లాలి గాజులు కుదువకు పోకముందే ఆ నావను ఒక్క ఋతువు అద్దెకు అడగటం మేలు. ఎన్ని రోజులు నిండుగా సరుకు దొరికింది, ఎన్ని రోజులు నేల తగిలింది, కూలికి ఎంత పోయింది అన్న మూడు లెక్కలూ ఇల్లాలి చేతనే రాయించాలి. గాజులు ఆమెవి గనుక లెక్కలో పొరపాటు రాదు. అమ్మేవాడు అద్దెకు ఒప్పుకోకపోతే, ఆ నావ సంగతి అతనికి బాగా తెలుసునన్నమాట!