మీకు తెలుసా? తాళంచెవి పోయినంత మాత్రాన పాత బీరువాను పగలగొట్టక్కర్లేదు

పాతకాలపు చెక్క బీరువాలు, సొరుగుల తాళాల్లో చాలావాటి లోపల ఉండేది ఒక గడియ, ఒక స్ప్రింగు, దారికి అడ్డంగా కొన్ని రేకులు. అంతే. తాళంచెవికి ఉండే గాట్లు ఆ రేకులను తప్పించుకోవడానికే. గడియను జరిపేది చెవి కొస ఒక్కటే. అందుకే గాట్ల భాగాన్ని అరగదీసి సన్నం చేసిన ఒకే చెవి ఇలాంటి తాళాలెన్నింటినో తెరవగలదు.

ముందు ఇంట్లోని పాత చెవులన్నీ పెట్టి చూడండి. పక్క సొరుగు చెవే సరిపోవడం మామూలు. కుదరకపోతే పై సొరుగు లాగేసో, వెనక చెక్క ఊడదీసో లోపలి నుంచి తాళం మరలు విప్పవచ్చు. సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తడం మాత్రం దయచేసి వద్దు. పాత టేకు అంచు చిట్లితే మునుపటిలా అతకదు.

చెవులు చేసే పనివాళ్ల పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. గాట్లు లేని చెవికి మసి పూసి తాళంలో తిప్పుతారు. రేకులు తగిలిన చోట గీతలు పడతాయి. అక్కడే ఆకురాయితో గాటు పెడతారు.

1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు పొందిన లీవర్ల తాళం మాత్రం ఇంత తేలిగ్గా లొంగదు. లోపలి లీవర్లు ఉండాల్సిన ఎత్తు కన్నా తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు.