పిట్టకాలి కడియము

బిడ్డకాలికి మువ్వలకడియము తొడుగుట మన యిండ్లలో ముచ్చట. బిడ్డ యే మూలకు ప్రాకినను ఆ చప్పుడు తల్లి చెవిని పడుచుండును. గాలిలో తిరుగు పిట్టకు కడియము తొడిగి, దాని బ్రతుకునంతటిని కనిపెట్టిన యొక యిల్లాలి కథను ఈ మాసము మా సోదరీమణులకు చెప్పదలచితిమి.

ఈ పద్ధతిని శాస్త్రమార్గమున నడిపినవాడు డెన్మార్కు దేశపు ఉపాధ్యాయుడు మార్టెన్‌సెన్. 1899లో ఆయన మన గోరువంకకు చుట్టమైన స్టార్లింగు పక్షులకు, అంకెలు చెక్కిన అల్యూమినియపు కడియములు తొడిగి విడిచెను. 1901లో బాల్టిక్ సముద్రతీరమున రోసిట్టెన్ గ్రామమందు పక్షిపరిశోధన కేంద్రము వెలసెను. అట్టి కేంద్రములకు భవనములు కలవు, జీతగాండ్రు కలరు. మేము చెప్పబోవు మార్గరెట్ మోర్స్ నైస్‌కు ఉన్నది ఇంటి పెరడును, దాని చెంతనున్న పొదలును మాత్రమే.

ఆమె 1883లో అమెరికాలో జన్మించెను. జంతుశాస్త్రము నభ్యసించి, 1909లో వివాహమాడి, అయిదుగురు కుమార్తెలకు తల్లి యయ్యెను. 1927లో భర్త యుద్యోగమువలన ఆ కుటుంబము ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమునకు చేరెను. కొలది కాలమునకే కుమార్తెలలో నొకతె న్యుమోనియా జ్వరముచే మరణించెను. ఆ దుఃఖము నెఱిగిన తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను 1928 వసంతమున ఆమె ఏటిగట్టు పొదలలో పాడు సాంగ్ స్పారో అను చిన్న పిట్టలను పట్టి, కడియములు తొడుగ నారంభించెను.

అంకె గల లోహపుకడియమును చదువవలెనన్న పిట్ట చేతికి చిక్కవలయును. అందుచే ఆమె రంగురంగుల సెల్యులాయిడు కడియములనుగూడ కలిపి తొడిగెను. ఒకే పోలికగల కవలపిల్లలకు వేఱువేఱు రంగుల దారములు కట్టినట్లు, రంగుల కూర్పునుబట్టి ఏ పిట్ట యేదో దూరమునుండియే తెలిసెడిది. పట్టి బాధింప పనిలేకపోయెను.

అంతవఱకు పిట్టలన్నియు నొక్కటే యని తలచినవారికి ఆమె పుస్తకములు కన్ను తెఱపించినవి. మగపిట్ట ఏటేట తన పాత పొదకే వచ్చుచుండెను. ఒకే చోటి పిట్టలలో కొన్ని చలికాలమంతయు అచ్చటనే యుండ, కొన్ని దక్షిణమునకు పోవుచుండెను. పాట వట్టి వినోదము గాదు. ఈ నేల నాది యను చాటింపుగూడ. 1929లో కడియము తొడిగిన యొక మగపిట్ట 1935లోను తన నేలను కాచుకొనుచుండెను. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండి లెక్కింపగా, ఒక్క దినమున అది 2,305 మారులు పాడెను! మన కోకిల కాకిగూట గ్రుడ్డు పెట్టినట్లు, కౌబర్డు అను పక్షి ఈ పిట్టల గూండ్లలో గ్రుడ్లుంచి పోవుటనుగూడ ఆమె వివరముగ వ్రాసెను.

ఇంటిపనినుండి ఆమెకు విడుదల లేదు. ఆమె వట్టి యిల్లాలే యని కొందఱు తేలికగ మాటలాడగా, తాను శాస్త్రము చదివినదానినని ఆమె గట్టిగ చెప్పెడిది. ఆమె వ్రాత మొదట జర్మనుల పత్రికలో వెలువడెను. పిదప 1937లోను 1943లోను రెండు సంపుటములుగ అచ్చయ్యెను. 1938లో విల్సన్ పక్షిశాస్త్ర సంఘమున కామె అధ్యక్షురాలయ్యెను. 1942లో బ్రూస్టర్ పతకము నందుకొనెను. 1974లో పరమపదించెను.

మన దేశమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1927లో ఈ కడియముల పని నారంభించెను. 1959 మొదలు సలీం అలీగారి ఆధ్వర్యమున అది మిక్కిలి విస్తరించెను. అనుమతి లేనిదే అడవిపిట్టలను పట్టుట నేరము. కావున ఆ పని మనది గాదు. కాని ఎచ్చటనైన కడియముగల పిట్ట చచ్చిపడి కనబడిన, దానిపై నున్న అక్షరములను అంకెలను తప్పులేక వ్రాసికొని, దొరికిన చోటు, తేదీ చేర్చి, ముంబైలోని ఆ సంఘమునకు తెలుపుట మన చేతిలోని పని.

సోదరీమణులారా! చూరుక్రింద పిచ్చుక గూడు కట్టిన దినమును, గ్రుడ్లు పొదిగిన దినమును, పిల్లలు ఎగిరిపోయిన దినమును పద్దుపుస్తకపు చివరి పుటలో వ్రాసియుంచుడు. పాలలెక్క ప్రక్కన ఈ లెక్కయు నుండదగినదే. మార్గరెట్టమ్మకు కిటికీయే పరిశోధనశాల యయ్యెను. కిటికీ లేని యిల్లు మనలో ఎవరికున్నది?