పంది ముర్రుపాలు – వాని బలాబలములు

పాలు మాన్పకముందు చచ్చెడి పందిపిల్లలలో అధికభాగము మొదటి మూడు దినములలోనే చచ్చును. ఈ నష్టమునకు దృష్టిదోషమనియు, జాతిదోషమనియు మన సభ్యులు కారణములు చెప్పుచుందురు. పెక్కుతావుల నిజమైన కారణము ముర్రుపాలు చాలకపోవుటయే.

మనుష్యశిశువునకు రోగములనెదిర్చు ప్రతిరక్షకములు కొన్ని తల్లి గర్భముననే లభించును. పంది మావి కట్టడి వేరు; దాని గుండ అవి పిల్లకు చేరవు. కావున పందిపిల్లకు ముర్రుపాలే దిక్కు. అయితే ఆ పాలన్నియు సమానబలము కలవి కావు. అందులకు ముఖ్యకారణములివి:

మొదటిది, కాలము. ఈనుట మొదలైన కొలది గంటలలో పాలు మిక్కిలి చిక్కగనుండును. పండ్రెండు గంటలలో ప్రతిరక్షకములు సుమారు సగమునకు తగ్గును. ఒక దినము గడచిన పిమ్మట పిల్లప్రేగులు వానిని లోనికి గ్రహింపజాలవు. మావి పడువరకు పిల్లలను కుడువనీయకుండుట తప్పు.

రెండవది, ఈత. తొలిచూలు పందికంటె మూడు నాలుగు ఈతలు ఈనిన పంది పాలలో ప్రతిరక్షకములు సాధారణముగా హెచ్చు.

మూడవది, చోటు. తల్లి తానెరిగిన రోగములకే విరుగుడు నీయగలదు. ఒకప్పుడు మా సలహామీదనే ఒక సభ్యుడు సంఘపు అప్పుతో, నాలుగు దినములలో ఈనబోవు తొలిచూలు పందిని దూరపు సంతనుండి తెచ్చెను. తొమ్మిది పిల్లలు పుట్టెను. వారములో ఆరు పారుడుచే చచ్చెను. మన దొడ్డిలోని క్రిములను ఆ తల్లి యెరుగదు. తప్పు మాదే. కొన్న పందిని ఈనుటకు కనీసము ఆరు వారములు ముందుగనే దొడ్డికి చేర్పవలెను.

నాలుగవది, టీకా. పారుడు మొదలగువానికి తల్లికి వేయు టీకాలు ఈనుటకు కొన్ని వారములు ముందు వేసినచో ఫలము పాలలో కనిపించును. దినములను పశువైద్యునడిగి నిర్ణయించుకొనవలెను.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమున దేశవాళి పందులను లార్జ్ వైట్ యార్క్‌షైరు జాతితో సంకరపరచి టి-17 అను రకమును రూపొందించిరి. ఇట్టి మేలురకములు ఎక్కువ పిల్లల నీనును. కాని పిల్లలు హెచ్చినంతమాత్రమున ముర్రుపాలు హెచ్చవు. ఒక్కొక్కదాని వంతు తగ్గును. పిల్ల యొక్కింటికి మొదటిదినమున సుమారు 250 గ్రాములు దక్కవలెను. కావున ముందుపుట్టి కడుపునిండ కుడిచిన బలమైన పిల్లలను గడ్డిపరచిన వెచ్చని గంపలో గంటసేపుంచి, బక్కపిల్లలను చన్నులకు పట్టుడు. పిదప మార్చుడు.

దీనికి కాసు ఖర్చు లేదు. ఒక్క రాత్రి మేల్కొనిన చాలును. అదనముగా రెండు పిల్లలు దక్కినను సంఘపు వాయిదాకు ఆసరా యగును.