గదియు ధ్వనియు

విజయనగరము జిల్లాలో చీపురుపల్లికి సమీపమున, హౌరా–చెన్నై రైలుమార్గముపై గరివిడి యను ఊరు కలదు. ఈ ప్రాంతపు నేలలో మాంగనీసు ఖనిజము లభించును. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము తొలుత 1892లో నాటి విశాఖపట్టణము జిల్లాలోనే ప్రారంభమైనది. నేటి విజయనగరము జిల్లా అప్పుడు దానిలోని భాగమే. 1955లో స్థాపింపబడిన ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషన్ గరివిడిలో ఫెర్రోమాంగనీసును తయారుచేసినది. ఉక్కులోని గంధకపు చెడుగును పోగొట్టి, దానికి గట్టితనము నిచ్చుటకై కలుపు మిశ్రమలోహమిది. వంటింటి కత్తి మొదలు వంతెన దూలము వరకు మాంగనీసు బొత్తిగా లేని ఉక్కు అరుదు. పాట వినిపించు స్పీకరును విప్పి చూచినచో, అయస్కాంతమునకు ముందు వెనుకల నుండు ఉక్కు బిళ్ళలలో గూడ అది కొలదిగా నుండును.

ఇటీవల పట్టణములందే గాక పల్లెలందును పెద్ద టెలివిజనును, దానిచుట్టు అయిదారు స్పీకర్లను అమర్చుకొను వేడుక పెరిగినది. దీనినే హోమ్ థియేటరందురు. గరివిడిలో ఒక గృహస్థు ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ముతో ఇట్టి సామగ్రిని కొన్నాడనుకొందము. టెలివిజనుకు చెరియొక ప్రక్కను రెండు, వెనుకగోడపై కప్పుదగ్గర రెండు, అలమరలో నొకటి పెట్టించెను. పేలుడు ధ్వని ఇల్లదరునట్లు వినబడినది. కాని కథానాయిక మాట మాత్రము తెలియలేదు. మాట కొరకై ధ్వనిని పెంచగా, తరువాత వచ్చిన పోరాటదృశ్యమునకు ఆ యింటి ముసలమ్మ చెవులు మూసికొని పెరటిలోనికి పోయినది. కొన్న వస్తువు చెడ్డది కాదు. లోపమెచ్చటనో తెలియవలెనన్న స్పీకరు పని చేయు విధమును, అంతకంటె ముఖ్యముగా గది చేయు పనిని తెలిసికొనవలెను.

స్పీకరు నిర్మాణము సులభము. కాగితముతోనో ప్లాస్టికుతోనో చేసిన, గరాటువంటి కోను ఒకటి యుండును. దాని మొదట సన్నని రాగితీగ చుట్ట. ఆ చుట్ట అయస్కాంతపు ఇరుకు సందులో నిలిచియుండును. ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తు దిక్కు మార్చుకొనుచుండగా, చుట్ట ముందునకు వెనుకకు కదలును. కోను గాలిని నెట్టును, లాగును. 1925లో అమెరికాలో చెస్టరు రైస్, ఎడ్వర్డు కెల్లాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన రూపమే నేటికిని ఇంచుమించుగా వాడుకలో నున్నది. కంపనములు సెకనుకు 20 మొదలు 20,000 వరకు ఉన్నచో మన చెవి వానిని ధ్వనిగా గ్రహించును. డోలు మ్రోత వీనిలో క్రింది కొసకు చేరినది; తప్పెటగుళ్ళవారి కాలి గజ్జెల సవ్వడి పై కొసకు చేరినది. ఒకే కోను రెండింటికిని చాలదు. కావుననే పెద్ద కోనుగల వూఫరును, చిన్న బుడిపెవంటి ట్వీటరును ఒకే పెట్టెలో నుంచుదురు. మిక్కిలి క్రింది ధ్వనులకు సబ్‌వూఫరను ప్రత్యేకమైన పెట్టె యుండును.

స్పీకర్లు ఇన్ని ఎందుకని అడుగవచ్చును. తెలుగున తొలి టాకీయైన 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైనప్పుడు ధ్వని యంతయు తెరవైపు నుండియే వచ్చెడిది. అంతకు ముందటి సంవత్సరమే ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లైన్ అను ఇంజనీరు, తెరపై నటుడు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నడచినను అతని గొంతు మాత్రము కదలకుండుటను చూచి, దానికి ఉపాయమును కనిపెట్టెను. రెండు చెవులకు రెండు మార్గములుగా ధ్వనిని అందించు స్టీరియో పద్ధతి అట్లు పుట్టినది. పిమ్మట మార్గముల సంఖ్య పెరిగినది. ముందు మూడు, ప్రక్కల రెండు, సబ్‌వూఫరు ఒకటి గల అమరికను 5.1 అందురు. ఈ ముందరి మూటిలో నడిమిదానికి సెంటరు స్పీకరని పేరు. సినిమాలోని సంభాషణలో అధికభాగము దీనినుండియే వెలువడును. సినిమాహాలులో తెరకు సన్నని రంధ్రములుండును. తెరవెనుక నున్న స్పీకరు మాట ఆ రంధ్రములగుండా వచ్చి, నటుని నోటినుండియే వచ్చినట్లు తోచును. గరివిడి గృహస్థు అలమరలో దాచినది ఈ సెంటరు స్పీకరునే! చుట్టునున్న చెక్కలమధ్య మాట మ్రోగి ముద్దయైపోయినది. దానిని టెలివిజనుకు సరిగా క్రిందనో పైననో, బల్ల అంచువరకు ముందునకు జరిపి, కూర్చున్నవారి ముఖములవైపు కొంచెము వంచి యుంచినచో సగము బాధ తీరును.

ఇక ఎన్నిక. దుకాణములో చాలమంది మొదట అడుగునది ఎన్ని వాట్లని. పెట్టెపై పి.ఎం.పి.ఓ. అను పేరుతో వేలకొలది వాట్లు వ్రాసియున్నచో ఆ అంకెను పట్టించుకొననక్కరలేదు, ఆర్.ఎం.ఎస్. అను అంకెయే లెక్కకు వచ్చునది. అదియు ఒంటరిగా చాలదు. ఒక వాటు విద్యుత్తు నిచ్చి, ఒక మీటరు దూరమున కొలిచినప్పుడు స్పీకరు ఎన్ని డెసిబెళ్ళ ధ్వని నిచ్చునో దానిని సెన్సిటివిటీ అందురు. 87 డెసిబెళ్ళ స్పీకరునకు వంద వాట్లు కావలసినచోట, 90 డెసిబెళ్ళ స్పీకరునకు ఏబది చాలును. చిన్నగదిలో సామాన్యశ్రవణమునకు ఒకటి రెండు వాట్లకు మించి ఖర్చు కాదన్న చాలమంది నమ్మరు. ఉరుము, పేలుడు వంటి క్షణికధ్వనులకే పదుల వాట్లు కావలసియుండును. సొమ్ము తక్కువైనప్పుడు అయిదు నాసిరకపు పెట్టెలకంటె రెండు మంచి పెట్టెలు కొని, తక్కినవి తరువాత చేర్చుకొనుట మేలు.

స్పీకరును పరీక్షించుటకు దుకాణదారుడు పేలుళ్ళ దృశ్యమును వినిపించును. పేలుడు సహజముగా ఎట్లుండునో మనకు తెలియదు గనుక, దానివలన స్పీకరు గుణము తేలదు. ఎరిగిన గొంతును వినిపింపుమని అడుగవలెను. గరివిడివారికి ఇందులో కొదువ లేదు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన మహారాజావారి సంగీతకళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు తరువాత ఆ పీఠము నలంకరించిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును అచ్చట చదివినవారే. చిన్ననాటినుండి వినుచున్న సుశీలగారి పాటలో 'స'కారము ఈలవలె గుచ్చుకొనినచో ట్వీటరు కటువైనదని తెలియును. ఘంటసాలవారి గొంతు కుండలోనుండి వచ్చినట్లున్నచో పెట్టె నిర్మాణములో దోషమున్నది. డోలు దెబ్బలు విడివిడిగా వినబడక ఒకటే హోరుగా సాగినచో ఆ వూఫరు మంచిది కాదు. అయితే ఈ చివరి దోషము స్పీకరుది గాక గదిది కూడ కావచ్చును.

వెలుతురు అద్దమునుండి మరలినట్లు ధ్వని గోడనుండి మరలును. సిమెంటు పూత గోడలు, రాతిపలకల నేల, స్లాబు కప్పు – ఇవి తమపై బడిన ధ్వనిలో కొద్దిభాగమును మాత్రమే పీల్చి, తక్కినదానిని తిప్పిపంపును. ఖాళీగదిలో ఒక్కసారి చప్పట్లు చరచి చూచినచో, చప్పుడు వెంటనే ఆగక గోడల మధ్య టకటకమని కొట్టుకొనుట వినబడును. మాటలోని ఒక్కొక్క అక్షరపు చివర ఈ మరలుధ్వని చేరి తరువాతి అక్షరమును కప్పివేయును. ముసలివారికి ఈ చిక్కు మరింత హెచ్చు. వయస్సుతో చెవి పైస్థాయి ధ్వనులను గ్రహించు శక్తిని కోల్పోవును, హల్లులను స్పష్టపరచునవి ఆ ధ్వనులే. ముసలమ్మకు మాట తెలియలేదన్న అది ఆమె లోపమే యనుకొనరాదు.

దీనికి మందు ఇంటిలోనే యున్నది. బూరుగుదూది పరుపు, దళసరి బొంత, నేలపై జంపఖానా, పుస్తకములు నిండిన బీరువా – ఇవన్నియు ధ్వనిని పీల్చునవియో చెదరగొట్టునవియో. పలుచని తెరలవలన ప్రయోజనము తక్కువ. పొందూరు ఖద్దరు ఎంత పేరుపొందినదైనను దాని సన్నదనమే ఇచ్చట దానికి లోపము! బొంతను ఎచ్చట వ్రేలాడదీయవలెనో కనుగొనుటకు ఒక చక్కని ఉపాయము గలదు. ఒకరు వినుచోట కూర్చుండవలెను. మరియొకరు ప్రక్కగోడ వెంబడి ముఖము చూచుకొను అద్దమును జరుపుచు పోవలెను. కూర్చున్నవారికి అద్దములో స్పీకరు కనబడినచోటనే ధ్వని గోడను తాకి మరలుచున్నది. బొంత అచ్చట ఉండవలెను.

క్రిందిస్థాయి ధ్వనుల సంగతి వేరు. వేసవివేడిమిలో, 30 డిగ్రీల వద్ద, ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోవును. సెకనుకు 5,000 కంపనములుగల ధ్వనితరంగము పొడవు ఏడు సెంటీమీటర్లు మాత్రమే. 50 కంపనములుగల తరంగము పొడవు ఏడు మీటర్లు. అంత పొడవైనదానిని బొంత ఆపలేదు. మూడున్నర మీటర్ల గదిలో ఆ తరంగములో సగము సరిగా ఇముడును. అప్పుడది గోడల మధ్య ఊయలవలె నిలిచి ఊగును. గోడకానుకొని కూర్చున్నవానికి ఆ మ్రోత మోయలేనంత బరువుగా నుండును. గది నట్టనడుమ కూర్చున్నవానికి దాదాపు వినబడనే వినబడదు. పొడవు వెడల్పులు సమానమైన గదిలో రెండు దిక్కుల ఊయలలు ఒకే స్థాయిలో కలిసి బాధ హెచ్చగును. కనుక చదరపు గదికంటె దీర్ఘచతురస్రపు గది నయము. కుర్చీని వెనుకగోడనుండి గది పొడవులో మూడవవంతు దూరమున వేసికొనుట మంచిది.

సబ్‌వూఫరునకు తగిన చోటును కనుగొను పద్ధతి చూచువారికి నవ్వు తెప్పించును గాని, ఫలితము గట్టిది. దానిని మొదట మనము కూర్చుండు కుర్చీలోనే పెట్టి, డోలుగల పాటను వినిపింపవలెను. పిమ్మట గోడల వెంబడి నేలపై ప్రాకుచు వినవలెను. దెబ్బలు ఎచ్చట విడివిడిగా, సమముగా వినబడునో అచ్చట సబ్‌వూఫరునుంచి, మనము కుర్చీలోనికి పోవలెను. మూలలో పెట్టినచో మ్రోత హెచ్చును. హెచ్చుటయే మేలని తలపరాదు.

తక్కినవానికి కొలతలు ఏర్పడియున్నవి. వినువానికి ఎదుటి రేఖనుండి ముందరి స్పీకర్లు ఇరువైపుల 30 డిగ్రీల కోణమున నుండవలెను. వాని ట్వీటర్లు చెవి ఎత్తునకు రావలెను. వెనుకటి స్పీకర్లనబడునవి నిజమునకు ప్రక్కలవి. 100 మొదలు 120 డిగ్రీల మధ్య, చెవికంటె కొంచెము పైకి ఉండవలెను. పై నుండి వాన కురిసినట్లు వినిపించు డాల్బీ ఆట్మాస్ పద్ధతి 2012లో సినిమాలలో ప్రవేశించినది. ఇండ్లలో దీనికై కొన్ని స్పీకర్లు ధ్వనిని కప్పువైపునకు పంపి, అచ్చటినుండి మరలునట్లు చేయును. ఇంతవరకు శత్రువైన స్లాబు ఇచ్చట మిత్రుడగును. వాలుకప్పుగల పెంకుటిల్లు దీనికి పనికిరాదు. కాని మాట వినుటకు ఆ పెంకుటిల్లే తరచుగా మేలైనది.

తీగలు కలుపునప్పుడు ఎరుపు గుర్తును ఎరుపునకు, నలుపును నలుపునకు చేర్చవలెను. రెండు స్పీకర్లలో ఒకదానికి ఇవి తారుమారైనచో, ఒకటి గాలిని నెట్టునప్పుడు రెండవది లాగును. క్రిందిస్థాయి ధ్వని ఒకదానితో నొకటి కొట్టుకొని మాయమగును, గొంతు ఎటునుండి వచ్చుచున్నదో తెలియదు. కొన్నవాడు స్పీకరును నిందించి మార్చుటకు దుకాణమునకు మోసికొనిపోవు సందర్భములలో ఇట్టివి కొన్ని యుండును. ఆంప్లిఫయరులో ఒక్కొక్క స్పీకరు దూరమును నమోదుచేయు ఏర్పాటున్నచో, టేపుతో కొలిచి వ్రాయవలెను. ధ్వని ఒక అడుగు పోవుటకు సుమారు సెకనులో వేయవవంతు పట్టును. దగ్గరి స్పీకరును ఆమాత్రము ఆలస్యము చేసి, యంత్రము అన్నిటిని ఒక్కసారిగా చెవికి చేర్చును. సబ్‌వూఫరునకు అప్పగింపవలసిన హద్దు సామాన్యముగా 80 కంపనములు.

ఇన్నియు సరిగా అమరిన ఇంటిలో ధ్వనిని మునుపటంత పెంచనక్కరలేదు. లోచెవిలో ధ్వనిని గ్రహించు సన్నని రోమకణములు ఒకసారి నశించినచో తిరిగి మొలవవు. 2000లో వెలువడిన శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను హద్దుగా పెట్టినవి. రాత్రి యనగా పది గంటలనుండి ఉదయము ఆరువరకు. సబ్‌వూఫరు మ్రోత గోడనుగూడ దాటును. తలుపు మూసినను ప్రక్కింట పరీక్షకు చదువుకొను పిల్లవానికి పాట వినబడదు, దాని దడదడ మాత్రమే వినబడును. సబ్‌వూఫరును ఆ ఉమ్మడిగోడకు దూరముగా జరిపి, క్రింద దళసరి రబ్బరుబిళ్ళలను వేసినచో అది కొంత తగ్గును. రాత్రిపూట దాని స్విచ్చి కట్టివేసినచో పూర్తిగా తగ్గును.