నిర్జన ద్వీపంలో నా వానకాలం

క్రిందటి వానకాలంలో మా వాడకట్టులో నన్ను గురించి ఒక వదంతి పుట్టింది. రిటైరైన సారు రాత్రనక పగలనక కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడనీ, పక్కన నోటుపుస్తకం పెట్టుకుని ఏవో గీతలు గీస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నాడనీ దాని సారాంశం. షేర్లలో డబ్బు పెట్టి వుంటాడని కొందరన్నారు. జాతకాలు వేస్తున్నాడని మరికొందరన్నారు. ఎవరైనా మా ఇంటావిడను అడిగితే ఆమె చెప్పిన సమాధానం ఒక్కటే.

"ఏదో దీవిల ఉంటున్నరు. అన్నం యాళ్లకు వస్తరు."

నిజానికి ఆమె చెప్పినదే సరైన మాట. ఆ దీవి పేరు మిస్ట్.

మావాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మృగశిర కార్తెకు కరీంనగరం వచ్చినప్పుడు నా ముఖం చూచి జాలిపడ్డాడు కాబోలు, "బాపూ, నీకు పొద్దు పోతలేదని అవ్వ చెప్పింది. ఇది ఆడి చూడు. దీన్ల తుపాకులు లెవ్వు, తొందర లేదు. నీ అసొంటోళ్ళ కోసమే" అని ఆ ఆట నా కంప్యూటరులో పెట్టి వెళ్ళాడు. ఎట్లా ఆడాలని అడిగితే నవ్వి వూరుకున్నాడు. ఎట్లా ఆడాలో కనుక్కోవడమే ఆటట!

ఆట మొదలుపెట్టగానే ఒక పుస్తకం కనిపిస్తుంది. దానిలోని బొమ్మమీద చెయ్యి వేస్తే మనం ఒక దీవి రేవులో నిలబడి వుంటాము. గాలి వీస్తూ వుంటుంది. నీళ్ళు ఒడ్డును కొట్టుకుంటూ వుంటాయి. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. మెట్లెక్కి పోతే ఒక గ్రంథాలయం, ఒక గడియారపు బురుజు, మునిగిపోయిన ఓడ, చెట్ల నడుమ ఒక గుడిసె కనిపిస్తాయి. ఎక్కడ చూచినా మీటలు, చక్రాలు, తలుపులు. ఏది తిప్పితే ఏమవుతుందో చెప్పే దిక్కు లేదు. గ్రంథాలయంలో ఎరుపు పుస్తకమొకటి, నీలి పుస్తకమొకటి వున్నాయి. వాటిలో ఇద్దరు అన్నదమ్ములు బందీలుగా వున్నారు. ఇద్దరూ తనను విడిపించమని వేడుకుంటారు, రెండోవాణ్ణి నమ్మవద్దంటారు. మన బేతాళుడు జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుందని విక్రమార్కుణ్ణి బెదిరిస్తాడు. ఇక్కడ అట్లాంటి బెదిరింపేమీ లేదు. నెల రోజులు తెలియకపోయినా తల భద్రంగానే వుంటుంది.

ఈ ఆటను తయారు చేసిందీ అన్నదమ్ములే. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అని అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు స్పోకేన్ ప్రాంతంవారు. 1993లో విడుదల చేశారు. జూల్స్ వెర్న్ వ్రాసిన రహస్య ద్వీపం నవల పేరునుంచే దీనికి పేరు పెట్టారట. ఇందులో సుమారు 2500 చిత్రాలున్నాయి. హైపర్‌కార్డ్ అనే పరికరంతో ఒక్కొక్క చిత్రాన్నీ ఒక్కొక్క అట్టగా పేర్చి, ఎక్కడ నొక్కితే ఏ అట్ట రావాలో కూర్చారు. అన్నదమ్ముల పాత్రలూ, వారి తండ్రి పాత్రా వీరిద్దరే ధరించారు. అరవై లక్షలకు మించి ప్రతులు అమ్ముడుపోయి, 2002లో సిమ్స్ అనే ఆట దాటిపోయేదాకా కంప్యూటరు ఆటల అమ్మకంలో ఇదే మొదటిదిగా నిలిచింది. ఆ రోజుల్లో పెట్టె కొన్నవారికి ఆటతోపాటు ఏమీ వ్రాయని ఖాళీ నోటుపుస్తకం ఒకటి ఇచ్చేవారు. చూచినదంతా నీవే వ్రాసుకో అని అర్థమన్న మాట.

ఒకటి తక్కువ

మెట్ల దగ్గర గడ్డిలో ఒక చీటీ పడివుంటుంది. దీవిలో ఇటువంటి మీటలు ఎన్ని వున్నవో లెక్కపెట్టి ఆ సంఖ్యను ఫలానా చోట నొక్కమని దాని భావం. ఇంతేనా అనుకుని దీవి అంతా తిరిగి లెక్కపెట్టాను. నొక్కితే ఫలితం లేదు. మళ్ళీ తిరిగాను. అదే లెక్క. రెండు రోజులు గడిచాయి. మూడోనాడు తెల్లవారుజామున చప్పున తోచింది. నేను మొట్టమొదట దిగి నిలబడ్డ రేవులోనే ఒక మీట వున్నది. దాని పక్కనుంచే బయలుదేరాను కనుక దాన్ని లెక్కలో వెయ్యలేదు. పరమానందయ్యగారి శిష్యులు ఏరు దాటి ఒకరినొకరు లెక్కపెట్టుకుంటూ ఎవరికి వారు తమను మరిచిపోయిన కథను ఎన్ని తరగతుల్లో నవ్వుతూ చెప్పానో! ఆ శిష్యులలో ఇంకొకడు కరీంనగరంలో వున్నాడని అప్పుడు తెలియలేదు.

అయినా ఆ మీటను కనుక్కున్న క్షణంలో నాకు కలిగిన సంతోషం చాలాకాలం క్రిందటిది. మా చిన్నతనం మానేరు ఒడ్డున ఎలగందులలో గడిచింది. ఒకప్పుడు జిల్లాకే పేరు పెట్టిన వూరు అది. గుట్టమీది ఖిల్లాలోనుంచి మానకొండూరుకు సొరంగం వున్నదని పెద్దలు చెప్పేవారు. ఎండాకాలం సెలవుల్లో మేము నలుగురం పిల్లలం ఆ సొరంగపు నోరు వెతకని రోజు లేదు. ప్రతి గోడనూ రాయితో కొట్టి శబ్దం విన్నాం. గబ్బిలాలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ సొరంగం ఎవరైనా చూపెట్టి వుంటే ఆ నాలుగు వేసవులూ మాకు మిగిలేవి కావేమో!

గుహలో పుట్టిన ఆట

ఈ జాతి ఆటలకు మూలపురుషుడెవరని మావాణ్ణి ఫోనులో అడిగితే ఒక చక్కని కథ చెప్పాడు. విల్ క్రౌథర్ అనే అమెరికా యింజనీరు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే తొలి ప్రయత్నాలలో పనిచేసినవాడు. గుహలలో తిరగడం ఆయనకూ, ఆయన భార్య పట్రీషియాకూ వ్యసనం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహనూ, పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలనూ కలిపే దారి 1972లో కనుక్కున్న బృందంలో ఆమె వున్నది. తరువాత భార్యాభర్తలు విడిపోయారు. తమ ఇద్దరు ఆడపిల్లలు వచ్చినప్పుడు ఆడుకుంటారని క్రౌథర్ 1975-76 ప్రాంతంలో తాను తిరిగిన గుహనే మాటలలో పెట్టి ఒక ఆట కట్టాడు. బొమ్మ ఒక్కటీ లేదు. "ఉత్తరం పో", "దీపం తీసుకో" అన్నట్లు రెండేసి మాటలు టైపు చెయ్యాలి. 1977లో డాన్ వుడ్స్ అనే ఆయన దాన్ని పెంచి పెద్ద చేశాడు. ఎడబాటులో పిల్లలకోసం కట్టిన ఆట అట్లా దేశాలు తిరిగింది.

ఆ గుహలో అన్నీ ఒక్కలాగే వుండే సందుల వల ఒకటి వున్నదట. దాన్ని దాటే ఉపాయం ఏమిటంటే, వెళ్ళిన ప్రతి గదిలోనూ చేతిలోని వస్తువు ఒకటి వదలడం. దీపం వున్న గది వేరు, కర్ర వున్న గది వేరు అని గుర్తు చిక్కుతుంది. ఇది విన్నప్పుడు నేను కొంతసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఈ ఉపాయం నాకు 1978లోనే ఒకాయన నేర్పాడు.

ఆ యేడు నాకు మొదటి ఉద్యోగం, ఇప్పుడు నాలుగు జిల్లాలైన పాత ఆదిలాబాదులో, ఉట్నూరు అడవుల్లో ఒక గోండు గూడెపు బడికి వేశారు. బస్సు దిగి టేకు చెట్ల నడుమ నడిచిపోవాలి. బాటలన్నీ ఒక్కతీరుగానే వుండేవి. రెండుసార్లు తప్పిపోయాను. మూడోసారి గూడెపు పెద్ద నాతో వచ్చి బాట చీలిన చోటల్లా ఒక రాయి పెట్టించి అన్నాడు: "సారూ, కాలుకు ఎరుక అయ్యేదాక కంటికి గుర్తు పెట్టాలె." నెల తిరిగేసరికి ఆ రాళ్ళ అవసరం లేకపోయింది. ఆయన కావాలంటే రోజూ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోగలడు. తీసుకుపోలేదు.

విన్నాను గాని వినలేదు

దీవిలో ఒక విమానంవంటి వాహనం వున్నది. దానిలో ఒక చివర హార్మోనియంవంటి వాద్యం, ఇంకొక చివర ఐదు జారుడు మీటలు. గ్రంథాలయపు పుస్తకంలో ఐదు మెట్లు గుర్తుపెట్టి వుంటాయి. ఇక్కడ నొక్కి విన్న స్వరాన్ని అక్కడికి పోయి చెవితోనే కుదర్చాలి. చాలామందికి ఇక్కడ చుక్కలు కనిపిస్తాయట. మా భజనమండలిలో ఇరవై ఏళ్ళు హార్మోనియం వాయించినవాణ్ణి కనుక నాకు అరగంట పట్టింది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

ఆ వాహనం తీసుకుపోయిన లోకంలో చివరకు భూమిలోపల పట్టాలమీద పోయే బండి ఒకటి ఎక్కాలి. కూడలి కూడలికీ అది ఆగుతుంది. ఎటు పోవాలో తెలియదు. ఆగినప్పుడల్లా ఒక చప్పుడు చేస్తుంది. అంతే. నాలుగు రోజులు ఆ చీకట్లో తిరిగాను. ఐదోనాడు మావాడికి ఫోను చేశాను.

"బాపూ, నిజంగ చెప్పాల్నా?" అన్నాడు.

"చెప్పు" అన్నాను.

దిక్కుల జాబితా పంపాడు. పది నిమిషాలలో బయటపడ్డాను. తలుపు తెరుచుకున్నది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఎవరో తిన్న అన్నానికి నేను చెయ్యి కడుక్కున్నట్లుగా వున్నది.

తరువాత ఉండబట్టలేక అంతకుముందు చూచి వచ్చిన ఇంకొక లోకానికి తిరిగి వెళ్ళాను. అక్కడ నీటి నడుమ గుండ్రంగా తిరిగే కోట ఒకటి వున్నది. దాన్ని ఏ దిక్కుకు తిప్పి నిలిపితే ఆ దిక్కుకు ఒక చప్పుడు వస్తుంది. బండి చేసిన చప్పుళ్ళూ అవే! ఉత్తరానికొకటి, తూర్పుకొకటి, ఈశాన్యమైతే ఆ రెండూ కలిపి. అన్నీ నా చెవిన పడ్డవే. మరొక్క రోజు ఓపిక పడితే నాకే తోచేది. తెలిసిపోయినదాన్ని మరిచిపోయే మంత్రం ఏ ఆటలోనూ లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీవి గుర్తుకు రాలేదు, ఆ గూడెపు బడి గుర్తుకు వచ్చింది. రెండో తరగతిలో ఒక పిల్లవాడు వుండేవాడు. లెక్క ఇస్తే పలక ముట్టేవాడు కాదు. గులకరాళ్ళు ఏరి తెచ్చి నేలమీద పేర్చుకుని, గోండీలో ఏదో గొణుక్కుంటూ చాలాసేపు చూస్తూ కూర్చునేవాడు. నా తెలుగు లెక్కను తన భాషలోకి తెచ్చుకుని, ఆ తరువాత లెక్క చేసుకుంటున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. ఆ అడవుల్లోనే మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండీ వాచకాలతో చదువు మొదలుపెట్టారని నేను తెలుసుకున్నది ఎంతో కాలానికి. వాడు మొద్దు అనుకున్నాను. సిలబస్ తొందర ఒకటి. పలక లాక్కుని జవాబు వ్రాసి ఇచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు వాడు రాళ్ళు తేవడం మానేశాడు. లెక్క ఇస్తే నా ముఖం వంక చూచేవాడు, జవాబు ఎప్పుడు ఇస్తానా అని. దారికి వచ్చాడని నేను సంతోషించాను కూడా.

నాకు బాటను చూపక రాళ్ళు పెట్టడం నేర్పిన మనిషి ఆ గూడెంలోనే వున్నాడు. ఆ పిల్లవాడి రాళ్ళను తీసివేయించింది నేను. 35 ఏళ్ళ సర్వీసులో వేల లెక్కలకు జవాబులు చెప్పాను. జవాబు తెలియనప్పుడు నెమ్మదిగా కూర్చోవడం ఎట్లాగో ఒక్కరికీ చెప్పలేదు.

తాతా, ఎన్ని?

మిగిలిన చిక్కులు ఎవరినీ అడగకుండానే విప్పాను. భాద్రపదం దాకా పట్టింది. మా ఇంటావిడ మధ్యాహ్నాలు ఎదురుగా కూర్చుని ఓమనగుంటల పీటమీద చింతగింజలు వేసుకుంటూ ఒక్కతే ఆడుకునేది. రెండు వరుసలు, పద్నాలుగు గుంటలు. సీతమ్మవారు అశోకవనంలో ఒంటరిగా ఆడుకున్న ఆట అది అని దక్షిణ దేశంలో ఒక ప్రతీతి. ఒకనాడు కరెంటు పోయి నా దీవి మాయమైంది. ఆమె గింజలు వేస్తూనే అన్నది: "మీ దీవి ఆగింది. నా గుంటలు ఆగయి."

దసరా సెలవులకు మనుమడు వచ్చాడు. పదేళ్ళవాడు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కొత్త నోటుపుస్తకం చేతికి ఇచ్చాను. చీటీ దొరికింది. దీవి అంతా తిరిగి మీటలు లెక్కపెట్టాడు. నొక్కాడు. ఫలితం లేదు. మళ్ళీ తిరిగాడు. మళ్ళీ ఒకటి తక్కువ.

"తాతా, ఎన్ని? నీకు తెలుసుగదా, చెప్పవా?"

నా నాలుక చివరిదాకా వచ్చింది. లేచి వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగాను. వచ్చి కూర్చున్నాను. వాడు నా ముఖం చూచాడు. నేను కిటికీలోనుంచి బయటికి చూచాను. చాలాసేపయింది. తరువాత పెన్సిలు చప్పుడు వినిపించింది. వాడు నోటుపుస్తకంలో దీవి పటం గీస్తున్నాడు, రేవు దగ్గరనుంచి మొదలుపెట్టి.

35 ఏళ్ళ సర్వీసులో అంత కష్టమైన పాఠం నేనెన్నడూ చెప్పలేదు.