కరెంటు స్తంభం మీద గాజు దారం

హిందూపురం రైల్వే స్టేషను నుంచి ఊళ్లోకి నడిచి వచ్చేటప్పుడు ఎప్పుడైనా తలెత్తి కరెంటు స్తంభాలను గమనించారా? పైన ఉన్న అల్యూమినియం తీగలు మీకు తెలిసినవే. వాటికి బాగా దిగువన నల్లని తీగ ఒకటి స్తంభం నుంచి స్తంభానికి సాగిపోతూ ఉంటుంది. అక్కడక్కడ దాన్ని పెద్ద చుట్టగా చుట్టి వేలాడదీస్తారు. ఆ తీగ లోపల రాగి లేదు, ఇనుము లేదు. తలవెంట్రుకను పోలిన సన్నని గాజు దారాలున్నాయి. కోసి చూడకండి సుమా! వీధి వీధంతా మీ ఇంటి మీదికి వస్తుంది.

వార్తలు, పాఠాలు, పెళ్లి వీడియోలు, బ్యాంకు లెక్కలు, అన్నీ ఆ గాజు దారంలోనే నడుస్తున్నాయి. సెల్‌ఫోనుకు తీగ లేదు కదా అంటారేమో. ఫోను నుంచి టవరు దాకానే గాలిలో ప్రయాణం. టవరు నుంచి ముందుకు పోవడానికి చాలాచోట్ల మళ్లీ ఈ గాజే దిక్కు.

గాజులో మాట ఎలా పోతుంది? దీనికి జవాబు వెతకడానికి ధర్మవరం వెళ్దాం. పట్టుచీర నేసే జకార్డు మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికి సంబంధించిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు లేవదు. లేచిన పోగుల కిందుగా పేక నడుస్తుంది. ఇంతే! చిల్లు ఉంది, చిల్లు లేదు అనే రెండే మాటలతో నెమళ్లూ మామిడి పిందెలూ చీర అంచు మీదికి వచ్చేస్తాయి. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జకార్డు తయారుచేసిన ఏర్పాటు ఇది.

గాజు దారంలోనూ రెండే మాటలు. వెలుగు ఉంది, వెలుగు లేదు. ఉంటే 1, లేకపోతే 0. ఒక్కొక్కదాన్ని ఒక బిట్ అంటారు. పది లక్షల బిట్లు ఒక మెగాబిట్. సెకనుకు ఎన్ని మెగాబిట్లు పోతున్నాయో అదే ఇంటర్నెట్ వేగం. ఇక్కడ చాలామంది తికమక పడతారు. వేగం ఎక్కువంటే వెలుగు ఎక్కువ వేగంగా పరుగెత్తుతుందని కాదు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. మీరు ఎంత డబ్బు కట్టినా అది పెరగదు. హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరుకు ఆ వెలుగు సెకనులో రెండువేలవ వంతు కాలంలో చేరుతుంది. పెరిగేదల్లా సెకనుకు ఎన్నిసార్లు మిణుకుమంటుందన్న లెక్క మాత్రమే.

మరి వంపులు తిరిగిన దారంలోంచి వెలుగు బయటికి జారిపోదా? పదో తరగతి వారికి వక్రీభవనం పాఠం గుర్తుండాలి. సాంద్రతర యానకం నుంచి విరళ యానకంలోకి పోయే కిరణం సందిగ్ధ కోణం కంటే ఎక్కువ కోణంలో పడితే బయటికి పోలేదు, మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. అదే సంపూర్ణాంతర పరావర్తనం. గాజు దారంలో నడిమి భాగం వక్రీభవన గుణకం ఎక్కువ, చుట్టూ ఉన్న గాజుది కొద్దిగా తక్కువ. అందుకే వెలుగు లోపలే ఉండిపోతుంది.

ఇంట్లోనే చేసి చూడండి. ప్లాస్టిక్ సీసాకు అడుగుభాగాన, పక్కగా, చిన్న చిల్లు చేసి నీళ్లు నింపండి. గది చీకటి చేసి, చిల్లుకు ఎదుటి వైపు నుంచి టార్చిలైటు వేయండి. నీటిధార వంగి పడుతున్నా దాని వెంట వెలుగు కూడా వంగి వస్తుంది. ధార కింద వేలు పెడితే వేలు మెరుస్తుంది. 1854లో లండన్‌లో జాన్ టిండాల్ ఇలాంటి ప్రయోగమే చేసి చూపాడు. తరువాత పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హాప్‌కిన్స్‌తో కలిసి, గాజు దారాల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో ప్రకటించాడు.

కాని ఒక చిక్కు మిగిలింది. ఆనాటి గాజు వెలుగును మింగేసేది. 20 మీటర్లు పోయేసరికి నూరింట ఒక వంతే మిగిలేది. గాజుది తప్పు కాదు, అందులోని మలినాలదే తప్పు అని 1966లో చార్లెస్ కావ్ చెప్పాడు. ఒక కిలోమీటరు పోయాక నూరింట ఒక వంతు మిగిలినా చాలు, దీనితో కబుర్లు పంపవచ్చని లెక్క కట్టాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు అలాంటి గాజు తీశారు. కావ్‌కు నోబెల్ బహుమతి మాత్రం 2009 దాకా రాలేదు! నేటి మంచి దారంలో నూరింట ఒక వంతు మిగలడానికి వెలుగు సుమారు 100 కిలోమీటర్లు పోవాలి. అంటే హిందూపురంలో వెలిగించిన దీపం మధ్యలో ఎవరూ ఎగదోయకుండానే బెంగళూరులో కనబడుతుందన్నమాట.

ఇప్పుడు మళ్లీ స్తంభం దగ్గరికి రండి. కరెంటు తీగల పక్కన ఇంకో తీగ కడితే ప్రమాదం కాదా? గాజు విద్యుత్ బంధకం. అందులో కరెంటు పారదు, పక్క తీగల అయస్కాంత క్షేత్రం వెలుగును చెదరగొట్టదు. ఈ గుణాన్ని ఆసరా చేసుకుని, నేల తవ్వకుండా ఉన్న స్తంభాల మీదుగానే ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. అప్పటి ప్రారంభ ధర నెలకు 149 రూపాయలు. తొలుత ఇంటింటికీ తీగ వేసి చూసిన ఊరు కోనసీమలోని మోరి. స్తంభం మీది తీగ చవకే, కాని గాలివానకు చెట్టుకొమ్మ విరిగి పడితే దానికి కాపుదల లేదు. ఈ బేరంలో లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఈ తీగ వస్తే ఊరికి ఏమవుతుంది? సినిమా ఆగకుండా ఆడుతుందని చాలామంది జవాబు. నా మటుకు నాకు అది చిన్న సంగతి. ఊళ్లోకి వచ్చేదాని కంటే ఊళ్లోంచి పోయేదే ముఖ్యమని నా అభిప్రాయం.

మన వ్యాపారులకు దిగుమతి, ఎగుమతి తెలుసు. ఇంటర్నెట్‌లోనూ రెండూ ఉన్నాయి: డౌన్‌లోడ్ దిగుమతి, అప్‌లోడ్ ఎగుమతి. 2005 నుంచి మన టెలిఫోను రాగి తీగల మీద వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి మొదటి ప్రమాణంలో దిగుమతికి సెకనుకు 8 మెగాబిట్ల దాకా దారి ఇచ్చారు. ఎగుమతికి సుమారు 1 మెగాబిట్ మాత్రమే. ఎక్స్చేంజికి దూరమైతే అదీ తగ్గిపోయేది. ఊళ్లు చూడడానికే గాని చూపించడానికి కాదన్నట్టుంది ఆ ఏర్పాటు!

ధర్మవరం నేతగాడి సంగతే తీసుకోండి. పట్టు, జరీ, డిజైను అన్నీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. నేసినందుకు కూలి ముడుతుంది. చీర ఎక్కడికి పోయిందో, ఎంతకు అమ్ముడైందో నేసినవాడికి తెలియదు. ఇప్పుడు మగ్గం దగ్గరే నిలబడి, కొనేవారికి వీడియోలో కొంగు విప్పి చూపాలంటే సుమారు 2 మెగాబిట్లు నిలకడగా బయటికి పోవాలి. 1 మెగాబిట్ వాకిలిలో ఆ చీర పట్టదు. గాజు దారంలో పడుతుంది. అయితే సొంతంగా నేయడానికి పట్టు కొనే పెట్టుబడి ఎక్కడిది? ఆ ప్రశ్నకు గాజు దారం జవాబు చెప్పదు.

ఇంకొకటి. కొనేవారికి కనబడిన డిజైను, ఎక్కడో మరమగ్గం యజమానికి కూడా కనబడుతుంది. పట్టుచీరలను చేనేతకే కేటాయిస్తూ 1985 నాటి చట్టం ఉంది. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కాని ఫొటో క్షణంలో చేరుతుంది, తనిఖీ అధికారి అంత త్వరగా చేరలేడు.

హిందూపురం చింతపండు బేరం చూడండి. దేశంలోని మార్కెట్ యార్డులను కలిపే ఈ-నామ్ పద్ధతి 2016 ఏప్రిల్ 14న మొదలైంది. దూరాన ఉన్న వ్యాపారి తెర మీద ధర పాడవచ్చు. అయితే చింతపండును చేత్తో నొక్కి చూడకుండా ఎవరు ధర వేస్తారు? తేమ ఎంత, గింజ ఎంత అని యార్డులో పరీక్ష చేసి ఆ అంకెలను పంపాలి. పరీక్ష చేసే మనిషి లేకపోతే తీగ ఉండీ లాభం లేదు.

2020 మార్చిలో బడులు మూసినప్పుడు ఈ లెక్క మాకు, అంటే ఉపాధ్యాయులకు, బాగా తెలిసివచ్చింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. అవి మంచి పాఠాలే, కాని అక్కడ పిల్లవాడు చెయ్యెత్తి సందేహం అడగలేడు. ఫోనులో అడగవచ్చు. మా విద్యార్థుల్లో ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను. తండ్రి పనికి పోతే ఫోనూ ఆయన వెంట పోయేది. ముగ్గురికీ పాఠం రాత్రి ఎనిమిది తరువాతే.

పందొమ్మిదో శతాబ్దం చివర రైలు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు సాగింది. స్టేషను ఉన్న ఊరికి బేరం వచ్చింది. పట్టాలు పక్కగా పోయినా బండి ఆగని ఊళ్లకు పొగ మాత్రమే దక్కింది. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ అదే పట్టాల పక్కన గాజు దారం వేస్తూ వచ్చింది. ఈ దారానికి కూడా ‘స్టేషన్లు’ కావాలి: పంచాయతీలో పెట్టె, వీధిలో పంపకపు పెట్టె, ఇంట్లో చిన్న పెట్టె. మన పిల్లలు ఉద్యోగానికి బెంగళూరు బండి ఎక్కడం పాత అలవాటు. ఆ పనిని హిందూపురంలో కూర్చుని చేయడానికి దూరం ఇప్పుడు అడ్డు కాదు. మీ వీధి దాకా పెట్టె వచ్చిందా లేదా అన్నదే అడ్డు.

వచ్చిందనుకోండి. అప్పుడు ఈ చిన్న లెక్క చేయండి. ఇళ్లకు వచ్చే సాధారణ పద్ధతిలో ఒక్క గాజు దారాన్ని 64 ఇళ్లకు పంచుతారనుకుందాం. దారం మొత్తం దిగుమతి సెకనుకు సుమారు 2500 మెగాబిట్లు, ఎగుమతి 1250. అందరూ ఒకేసారి వాడితే ఇంటికి దిగుమతి సుమారు 39, ఎగుమతి సుమారు 19.5 చొప్పున వస్తాయి. ఫోనులో వేగం కొలిచే సాధనంతో తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలిచి, రెండు అంకెలూ పుస్తకంలో రాయండి. పై అంకెను కాదు, చాలామంది చూడకుండా వదిలేసే అప్‌లోడ్ అంకెను 2తో భాగించండి. మీ ఇంటి నుంచి ఒకేసారి ఎందరు తమ ముఖాన్ని, తమ పనిని బయటి ప్రపంచానికి చూపగలరో ఆ భాగఫలం చెబుతుంది.